ఉద్దేశపూర్వక నిర్లక్ష్యం

డిపో వెనక క్వార్టర్స్,
జూన్ 3

వదినగారికి,

ఫోన్లో చెబుదామంటే ఆయన ఎప్పుడూ పక్క గదిలోనే ఉంటున్నారు. మీరేమో దుకాణంలో జనం ఉన్నారని పెట్టేస్తున్నారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో పెట్టెయ్యడానికి వీల్లేదు.

మీ తమ్ముడికి మెమో వచ్చింది. ఎనభై మంది డ్రైవర్లలో ఎవరికి ఏ రోజు సెలవు, పొద్దున బండెక్కినవాడు ఎన్నింటికి దిగాలి, ఎవరికి ఏ రూటు పడదు, అన్నీ ఆయన నాలుకమీదే ఉండేవి. డిపోలో ఆయన్ని 'గడియారం' అని పిలిచేవాళ్లని మీకూ తెలుసు. ఆ గడియారం వేసిన డ్యూటీ చార్టు ప్రకారం పోయిన మంగళవారం రెండు బస్సులకు డ్రైవరే లేడు. మూడో బస్సుకు ఇద్దరు వచ్చారు. నాదంటే నాదని ఆ ఇద్దరూ స్టీరింగు దగ్గర కాలర్లు పట్టుకున్నారట. జనం గంటసేపు బస్సుల్లో కూర్చుని తిట్టుకున్నారు. నెలరోజుల్లో ఇలా కావడం నాలుగోసారి.

ఇంట్లో సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. వరండాలో బల్బు పోయిందని కొత్తది తెచ్చారు. మూడు వారాలుగా అది బల్లమీదే ఉంది. స్టవ్ మీద టీకి నీళ్లు పెడతారు. పాలూ, పొడీ పక్కనే ఉంటాయి. నీళ్లన్నీ ఇగిరిపోయేదాకా చూస్తూ నిలబడతారు. "పాలు పొయ్యండి" అంటే పోస్తారు, "పొడి వెయ్యండి" అంటే వేస్తారు. చెప్పకపోతే లేదు. చెబితే మాత్రం ఒంటికాలిమీద లేస్తారు. మొన్న గ్లాసు గోడకేసి కొట్టారు. పదహారేళ్ల కాపురంలో ఆయన గొంతు పెంచడమే నేను ఎరగను.

నాకు తెలిసి దీని పేరు బద్ధకం, పొగరు. అమ్మ పనికి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది మీరే. చేతికందించి అందించి ఇలా చేశారు. మీ మాటంటే ఆయనకి గురి. మీరైనా నాలుగు చీవాట్లు పెట్టండి.

మీ మరదలు

*

కళ్లద్దాల దుకాణం, పైగది,
జూన్ 12

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివాక రోజంతా చెయ్యి కుదురుగా లేదు. నా పనేమిటో నీకు తెలుసు. అద్దం చక్రం మీద పెట్టి అరగదీసేటప్పుడు మనసు పక్కకు పోతే ఫ్రేములో పట్టదు. నిన్న రెండు అద్దాలు పాడయ్యాయి.

మా తమ్ముడు బద్ధకస్తుడా? పదేళ్ల వయసులో పుస్తకాలకు అట్టలు తానే వేసుకుని, నావి కూడా వేసిపెట్టినవాడు. నేను గారాబం చేశాననే ముందు నీ ఇంట్లో వాడికి ప్రశాంతత ఎంతుందో చూసుకో. పొద్దున లేచింది మొదలు అది చెయ్యి ఇది చెయ్యి అని వెంటపడితే ఎవరైనా మొండికేస్తారు. డిపో మేనేజరు కొత్తగా వచ్చినవాడని ఆమధ్య ఫోన్లో నువ్వే అన్నావు. తన మనిషిని ఆ సీట్లో కూర్చోబెట్టుకోవాలని చూస్తున్నాడేమో అదీ కనుక్కో.

చీవాట్లు పెట్టను. నాలుగు రోజులు సెలవు పెట్టించి పడుకోనీ.

ఒక్క మాట. ఊరికే కూర్చున్నప్పుడు వాడి వేళ్లు ఏమైనా కదులుతుంటాయా? చేతివిగానీ కాలివిగానీ? ఏం లేదు, ఊరికే అడిగాను.

నీ వదిన

*

డిపో వెనక క్వార్టర్స్,
జూలై 9

వదినగారికి,

నా నోరే మీ తమ్ముణ్ణి పాడుచేసిందని తేల్చినందుకు సంతోషం. ఆ మాటకు జవాబు తర్వాత ఇస్తాను.

ఆయన్ని సస్పెండ్ చేశారు. కాగితంలో రాసిన మాట 'ఉద్దేశపూర్వక నిర్లక్ష్యం'. నేను రోజూ నలభై దస్తావేజులు టైపు చేసేదాన్ని. ఒక్క మాట ఒక కుటుంబాన్ని ఏం చెయ్యగలదో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఉద్దేశపూర్వకమట. కావాలని చేశాడట. డబ్బు తీసుకుని కొందరికి తేలిక డ్యూటీలు వేస్తున్నాడని డ్రైవర్లు అంటున్నారు. వాళ్ల పిల్లల పరీక్షలు గుర్తుపెట్టుకుని మరీ సెలవులు సర్దినవాళ్లలో ఒక్కడు కూడా మా గుమ్మం ఎక్కలేదు.

నేను మేనేజరు దగ్గరకు వెళ్లాను. ఆ చార్టు తీసి నా ముందు పరిచాడు. అది చూశాక నాకు కోపం పోయి భయం పట్టుకుంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ప్రతి పేరూ, ప్రతి రూటూ సరిగ్గా ఉంది. ఒకదానితో ఒకటి మాత్రం కలవదు. ఒకే మనిషి ఒకే గంటలో ఊరికి రెండు చివర్లా ఉన్నాడు. ఇంటికొచ్చి ఆయన్నడిగితే, అంతా కరెక్టుగానే ఉందని, వాళ్లకే చదవడం రాదని అన్నారు. అబద్ధం ఆడుతున్న మొహం కాదది. నిజంగా ఆయనకి కనిపించడం లేదు.

బద్ధకమని రాసిన చేత్తోనే ఇప్పుడు ఇది రాస్తున్నాను. అది బద్ధకం కాదు. నేను పొరపాటు పడ్డాను.

నరాల డాక్టరమ్మకు చూపించాను. ఆవిడ గంటసేపు ఏవేవో చేయించింది. వెనక్కి లెక్కపెట్టమంది, రంగుల పేర్లు చదవమంది. చివర్లో, మీ నాన్నగారు ఎలా పోయారని ఆయన్నడిగింది. తాగి పోయారని చెప్పారు. ఆ మాటకు ఆవిడ కలం కింద పెట్టి, ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే కనుక్కురమ్మంది.

మీరు అడిగినందుకు చెబుతున్నాను. కదులుతున్నాయి. మేజోళ్లలో కాలివేళ్లు హార్మోనియం వాయిస్తున్నట్టు కదులుతుంటాయి. ఇన్నాళ్లూ నేను గమనించనేలేదు. అంత దూరాన కూర్చుని మీకెలా తెలిసింది?

మామగారు ఎలా పోయారు?

మీ మరదలు

*

పైగది,
జూలై 20

అమ్మాయీ,

నాన్న తాగి పోయాడు. వీధంతా చూసిందే. పోయినవాళ్లను తవ్వితే ఏమొస్తుంది? డాక్టర్లు ఊరికే వంద అడుగుతారు. స్కూళ్లు తెరిచాక చిన్నపిల్లల అద్దాలు కుప్పలుగా వచ్చిపడుతున్నాయి, తీరికగా రాయలేను. వాడికి రెండు చొక్కాలు పంపుతున్నాను.

నీ వదిన

*

డిపో వెనక క్వార్టర్స్,
సెప్టెంబర్ 2

మా ఆయన అక్కగారికి,

చొక్కాలు అందాయి. తిప్పి పంపుతున్నాను.

రక్తపరీక్ష వచ్చింది. జబ్బు పేరు హంటింగ్టన్. డాక్టరమ్మ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. ఒళ్లు అదుపు తప్పడం తర్వాత సంగతి. దానికి ఏళ్ల ముందే బుర్రలో మార్పు మొదలవుతుందట. జ్ఞాపకాలు పోవు. పని మొదలుపెట్టడం, ఒకటి తర్వాత ఒకటి పేర్చుకోవడం, కోపాన్ని ఆపుకోవడం, ముందు ఇవి పోతాయట. తనలో తేడా వచ్చిందని ఆ మనిషికే తెలియకపోవడం కూడా జబ్బులో భాగమేనట. ఆయన అంతా విని, ఆ రక్తం ఇంకెవరిదో అయ్యుంటుందని లేచి చొక్కా సర్దుకున్నారు.

ఇక మీ సంగతి. మీరు చెప్పకపోతే ఏమైంది, డాక్టరమ్మ ఆయన చేత సంతకం పెట్టించుకుని మామగారు పోయిన ఆస్పత్రికి రాసింది. ఆ పాత రికార్డుల గదిలో ఎవరో పుణ్యాత్ములు ఒక్క కాగితం వెతికి పంపారు. ఇరవై తొమ్మిదేళ్ల కిందటిది. జబ్బు పేరు అదే. కింద ఒక వాక్యం: 'పిల్లలకు సంక్రమించే అవకాశం గురించి పెద్ద కుమార్తెకు వివరించడమైనది.' దాని పక్కన మీ సంతకం.

నా పెళ్లికి పదమూడేళ్ల ముందే మీకు తెలుసు. పెళ్లిచూపుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదువు గురించి, వంట గురించి అడిగింది మీరే. మా అమ్మాయి కడుపులో పడ్డప్పుడు చిన్న చిన్న చొక్కాలు కుట్టి పంపింది మీరే. జూన్‌లో వేళ్లు కదులుతున్నాయా అని అడిగిన రోజున మీకు తెలుసు. ఆ తర్వాత నేను సూటిగా అడిగితే తాగి పోయాడని రాశారు.

చెప్పి ఉంటే ఈయన్ని చేసుకునేదాన్నా అంటే నాకు తెలియదు. చేసుకునేదాన్నేమో కూడా. కానీ అది నేను తేల్చుకోవాల్సింది. నా బదులు మీరు తేల్చేశారు. నా కూతురికి పద్నాలుగేళ్లు. దాని సగానికి సగం గురించి ఇప్పుడు నేను ఎవర్ని అడగాలి?

మామగారి సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు. అది చెప్పాల్సిన నోరు నాది కాదు.

*

పైగది,
సెప్టెంబర్ 14

అమ్మాయీ,

నువ్వు రాసిన ప్రతి మాటా నిజం. కాదనడానికి రాయడం లేదు. నీకు తెలియాల్సింది ఇంకా ఉంది కాబట్టి రాస్తున్నాను.

నాన్న వడ్రంగి. ఆయన చేసిన తలుపు వేస్తే చప్పుడయ్యేది కాదు. నాకు పదిహేనేళ్లప్పుడు మొదలైంది. ఒక బీరువాకి పలకలన్నీ కోసి, చిత్రిక పట్టి, వరసగా గోడకు ఆనించాడు. తర్వాత ఏం చెయ్యాలో తెలియనట్టు వాటి ముందు కూర్చుండిపోయాడు. అలా నెలలు గడిచాయి. పని ఇచ్చినవాళ్లు వచ్చి తిట్టిపోయేవాళ్లు. అమ్మ సోమరిపోతు అంది. ఆయన ఉలి విసిరాడు. కొన్నాళ్లకు నడక తూలింది, మాట ముద్దయింది. ఇక వీధికి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. తాగుబోతు అన్నారు.

నేను ఆయన నోటి దగ్గర మొహం పెట్టి వాసన చూశాను. చాలాసార్లు చూశాను. ఏ వాసనా లేదు. అయినా ఒక సాయంత్రం అమ్మ తలుపెయ్యమంటే లేచి గడియ పెట్టింది నేనే. ఆయన అరుగు మీద కూర్చుని నా పేరు పిలిచాడు. ఆ తర్వాత ఎవరి షెడ్లలోనో పడుకుని రెండేళ్లు బతికి, ఆస్పత్రిలో తేలాడు. అమ్మ రానంది. నేను వెళ్లాను.

అక్కడ ఒక డాక్టరు నడవలో నిలబడి, చేతి గడియారం చూసుకుంటూ, ఆ జబ్బు పేరు చెప్పాడు. పిల్లలకు సగం అవకాశం అన్నాడు. సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. మూడు నిమిషాలు పట్టిందేమో. నాకు ఇరవై ఒకటి. ఎవరితో చెప్పాలి, ఏం చెయ్యాలి, అదేదీ ఆయన పని కాదు. ఆయన మీద నాకు ఇవాళ్టికీ మంటగానే ఉంది. నా మీద ఉన్నంత కాదులే.

తాగుబోతు కూతురిగా బతకడం తేలిక. జాలిపడతారు, నాలుగు రోజులకు మరిచిపోతారు. ఆ జబ్బు మనిషి కూతుర్నని చెబితే జన్మంతా నా నడకే చూస్తారు. అందుకే వీధి అన్నమాటే నేనూ అన్నాను. మా తమ్ముడికీ అదే చెప్పి పెంచాను. ఏ తప్పూ చెయ్యని మనిషిని వాడి చేత అసహ్యించుకునేలా చేశాను.

నేను పెళ్లి చేసుకోకపోవడానికి వచ్చిన సంబంధాలు నచ్చక అనేదాన్ని. అది కారణం కాదు. నా వంతు నేను ఆపేశాను. వాడి వంతు ఆపడానికి మాత్రం నోరు రాలేదు. నిన్ను చూడ్డానికి వచ్చిన రోజు చెబుదామనే బయల్దేరాను. నువ్వు టైపు మిషను చూపించావు, వాడు నవ్వాడు. అంతే, నోరు మూసుకున్నాను. వాడికి రాదులే అని నమ్మాను. నమ్మడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

క్షమించమని అడగను.

నీ వదిన

*

డిపో వెనక క్వార్టర్స్,
అక్టోబర్ 1

వదినగారికి,

ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి ఏడ్చాను, అది మామగారి కోసం. మీ కోసం కాదు.

ఇప్పుడు పని సంగతి. డాక్టరమ్మ ఇచ్చిన కాగితం తీసుకుని డిపోకి వెళ్లాను. మేనేజరు దాన్ని వేలితో పక్కకు నెట్టి, ఇలాంటివి ఎక్కడైనా పుట్టించొచ్చు అన్నాడు. ఆయన రూట్లన్నీ గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతుంటే మెదడు జబ్బేమిటని నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోను. పద్దెనిమిదేళ్లు ఒక్కరోజు ఆలస్యంగా రాని మనిషి ఉన్నట్టుండి ఎందుకిలా అయ్యాడని వాళ్లలో ఒక్కరికీ అనుమానం రాలేదు. దొంగ అనుకోవడం మాత్రం అందరికీ ఎంత సులువుగా వచ్చిందో చూశారా?

పద్నాలుగో తేదీన విచారణ. ముగ్గురు కూర్చుంటారు. నన్ను లోపలికి రానివ్వరట, భార్య మాట సాక్ష్యం కాదట. ఇంటి జబ్బు గురించి రక్తసంబంధం ఉన్నవాళ్లు చెబితే వింటారట. మీరు నాకు రాసింది ఆ గదిలో చెప్పాలి. ఆయన ముందే చెప్పాలి.

మీ దుకాణం యజమానికి తెలుస్తుందని, మీ చేతుల వంక చూస్తాడని నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను. నాకు మీ పశ్చాత్తాపం వద్దు. వచ్చి మాట్లాడండి.

మీ మరదలు

*

పైగది,
అక్టోబర్ 17

అమ్మాయీ,

నడవలో నువ్వూ పిల్లా బెంచీ మీద కూర్చుని ఉంటే వాణ్ణి గుమ్మంలో వదిలి మీ పక్కనుంచే బస్సుకి వెళ్లిపోయాను. నీ మొహం చూసే ధైర్యం లేకపోయింది. లోపల ఏం జరిగిందో వాడు సరిగ్గా చెప్పి ఉండడు. నీకు తెలియాలి.

నేను నిలబడే చెప్పాను. బీరువా పలకలు, ఉలి, అరుగు, ఆస్పత్రి నడవ, అన్నీ చెప్పాను. ఆ ముగ్గురిలో ఒకాయన రాసుకున్నాడు. మేనేజరు కిటికీలోంచి బస్సులు చూస్తూ కూర్చున్నాడు. నేను ఆపగానే వాడు లేచాడు. విచారణ వాడికి పట్టలేదు, ఉద్యోగం పట్టలేదు. నా వైపు తిరిగి అడిగాడు:

"నాన్న తాగలేదా అక్కా?"

"లేదురా. ఒక్కరోజూ తాగలేదు."

"మరి నేను ఆయన్ని చూడ్డానికి వెళతానంటే వద్దన్నావే."

"అన్నాను."

వాడు కూర్చున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండును.

అప్పుడు మేనేజరు తన పెద్ద తెలివి చూపించాడు. కథలు బాగానే ఉన్నాయని, ఇక్కడే పరీక్ష పెడదామని, వాడి ముందు కాగితం పెట్టి ఐదు బస్సులకు, ఏడుగురు డ్రైవర్లకు రేపటి చార్టు వెయ్యమన్నాడు. వాడు సంబరంగా కలం తీసుకున్నాడు. ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరుతుందో, ఎక్కడెక్కడ ఆగుతుందో చూడకుండా చెబుతూ రాశాడు. మేనేజరు మిగతావాళ్ల వంక చూసి తల ఎగరేశాడు. తర్వాత మనుషుల్ని సర్దడం దగ్గర ఆగాడు. రాశాడు, కొట్టేశాడు, మళ్లీ అదే పేరు అక్కడే రాశాడు. అరగంట పట్టింది. చెమటలు కారుతున్నాయి. కాలివేళ్లు బూటుని లోపల్నుంచి తడుతున్నాయి. చివరికి తలెత్తి, అయిపోయింది చూసుకోండి సార్ అని చేతికిచ్చాడు. ఒక్క డ్రైవరే మూడు బస్సుల మీద ఉన్నాడు. ఇద్దరి పేర్లు ఎక్కడా లేవు. ఆ ముగ్గురూ ఆ కాగితం ఒకరి తర్వాత ఒకరు చూశారు. వాడు మాత్రం మార్కుల కోసం చూసే పిల్లాడిలా వాళ్ల మొహాల్లోకి చూస్తున్నాడు.

డాక్టరమ్మ కాగితం చాల్లేదు వాళ్లకి. నా మాట చాల్లేదు. మనిషిని కూర్చోబెట్టి, ఆడించి, కళ్లారా చూస్తేగానీ నమ్మరు. నేను ఆ బల్ల మీద చెయ్యి వేసి, మా నాన్నకి మేం చేసింది ఇదే, మీరూ చేశారు, ఇక చాలు అని వాణ్ణి లేపుకొచ్చాను. అంతవరకే నేను చెయ్యగలిగింది.

నీ వదిన

*

డిపో వెనక క్వార్టర్స్,
నవంబర్ 20

వదినగారికి,

ఆర్డరు వచ్చింది. 'ఉద్దేశపూర్వక నిర్లక్ష్యం' తీసేశారు. అనారోగ్యం వల్ల విధుల నుంచి విడుదల చేస్తున్నామని రాశారు. దాని కింద ఒక ముక్క తగిలించారు: 'సంస్థ సానుభూతితో తీసుకున్న నిర్ణయం.' సానుభూతట. ఐదునెలలు దొంగ అన్నారు, పిలిచి ఆడించారు, ఇప్పుడు దయ చూపిస్తున్నారట. నేను ఆ వాక్యం కింద గీత గీసి, ఇది తీసేసి మళ్లీ టైపు చేసి ఇవ్వండి, మీకు చేతకాకపోతే నేను టైపు చేసి తెస్తాను అని రాసి తిప్పి పంపాను. నిన్న కొత్తది వచ్చింది. ఆ వాక్యం లేదు. అందులో రెండు అచ్చుతప్పులున్నాయి, వాటికి పోనీలే అన్నాను.

ఇంట్లో డాక్టరమ్మ చెప్పినట్టు చేస్తున్నాం. దేని తర్వాత ఏది చెయ్యాలో గోడ మీద రాసి పెట్టాం. పెద్ద పని చెప్పం, దాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కటే చెబుతాం. కోపం వస్తే పక్క గదిలోకి పోతాం, అది ఆయన కోపం కాదని తెలిసింది కాబట్టి. తెలిసినా ఒక్కోరోజు నాకూ ఒళ్లు మండుతుంది. నేనేమీ దేవతను కాను.

ఆయన ఇప్పటికీ తనకేం లేదంటారు. మామగారికి మాత్రం ఆ జబ్బు ఉండేదని ఒప్పుకుంటారు. పాపం నాన్నని ఎవరూ నమ్మలేదు అని రోజుకోసారి అంటారు.

అమ్మాయికి నేనే అంతా చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. పద్దెనిమిది నిండేదాకా పరీక్ష చెయ్యరని, ఆ తర్వాత కూడా తెలుసుకోవాలా వద్దా అన్నది దాని ఇష్టమేనని చెప్పాను. రెండు రోజులు కంచం పట్టుకెళ్లి వరండాలో కూర్చుని తింది. మూడో రోజు బడికి వెళుతూ గుమ్మంలో ఆగింది. "నాన్న జబ్బు మనం కనిపెట్టాం. అత్తయ్య ఒక్కతే ఉంటుందిగా. ఆవిడలో తేడా వస్తే ఎవరికి తెలుస్తుంది?" అంది.

పద్నాలుగేళ్ల పిల్లకు వచ్చిన ఆలోచన నాకు రాలేదు.

మీ మీద నా కోపం తగ్గలేదు. తగ్గుతుందని మాట కూడా ఇవ్వను. కానీ ఆదివారాలు ఇక్కడికి రండి. మీ తమ్ముడు మీరు చెబితేనన్నా స్నానానికి లేస్తారేమో. అదీకాక, మీరు మా కళ్ల ముందు ఉండాలి.

మీ మరదలు

*

పైగది,
నవంబర్ 27

అమ్మాయీ,

యజమానికి తెలిసింది. సోమవారం నన్ను చక్రం మీంచి లేపి బిల్లులు రాసే బల్ల దగ్గర కూర్చోమన్నాడు. కారణం కాగితం మీద రాసివ్వమన్నాను. నోటితో చెబితే చాలదా అన్నాడు. చాలదు, ఏ అద్దం ఏ రోజు నా చేతిలో పాడైందో కూడా రాయమన్నాను. నీ దగ్గరే నేర్చుకున్నాను ఈ విద్య. రాయలేకపోయాడు. గురువారం నుంచి మళ్లీ చక్రం మీదే ఉన్నాను. నిజంగా నా చెయ్యి తప్పిన రోజున ఎవరూ లేపనక్కర్లేదు, నేనే లేస్తాను.

పరీక్ష చేయించుకోవాలో లేదో ఇంకా తేల్చుకోలేదు. యాభై ఏళ్లొచ్చినా భయం ఇరవై ఒకటి దగ్గరే ఉంది. డాక్టరమ్మ నడవలో కాకుండా కూర్చోబెట్టి మాట్లాడుతుందన్నావు కాబట్టి ముందు ఆవిడ దగ్గరకు వెళతాను. నువ్వు తోడు వస్తే వస్తావు, రాకపోతే ఏమీ అనుకోను.

ఆదివారం తొమ్మిదింటి బస్సుకి వస్తాను.

నిన్ను ఏమీ అడిగే హక్కు నాకు లేదు. అయినా ఒక్కటి అడుగుతాను. నా మాటలోగానీ పనిలోగానీ తేడా కనిపించిన రోజున, నాకు తెలియదు కాబట్టి, నువ్వే చెప్పు. నేను ఒప్పుకోను, నీ మీద అరుస్తాను, నీ నోరే మంచిది కాదంటాను. అయినా చెప్పు. నా మీద జాలిపడి దాచకు.

నీ వదిన